మావ ఊదిన కుండ

(తెనాలి దగ్గర నందివెలుగులో మా మేనమామ పెద్దదినం అయ్యాక జరిగిన సంస్మరణ సభలో మాట్లాడిన మాటలు. సావనీరు కోసం రాసి ఇచ్చాను.)

మావ గురించి నాలుగు ముక్కలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. నాలుగు ముక్కల్లో అయ్యే మనిషి కాదు మావ. అయినా ఆయనకి పొడుగు ఉపన్యాసాలంటే చిరాకు కాబట్టి తగ్గించే చెబుతాను.

ముందే ఒక మాట. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు మావని మంచివాడు, అమాయకుడు అన్నారు. మంచివాడే. అమాయకుడంటే మాత్రం నేను ఒప్పుకోను. మన యానాదోళ్లని పొగడాలంటే ఊళ్లో వాళ్లకి తోచే మాట అదొక్కటే. అమాయకులు, నమ్మకస్తులు, నోట్లో నాలుక లేనివాళ్లు. మావకి నోట్లో నాలుక ఉంది. ఎక్కడ తిప్పాలో తెలుసు, అంతే.

మావ ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో గునపం పట్టాడు. అరవై దాటాక కూడా వదల్లేదు. నందివెలుగు, కొలకలూరు, కొల్లిపర, దుగ్గిరాల వైపు మాగాణుల్లో మావ తొక్కని గట్టు లేదు. సార్వా వరి పొట్టకొచ్చే రోజుల్లో కబురొచ్చేది, ఎలక పడింది రమ్మని. ఆ దశలో ఎలక దుబ్బుని మొదట్లో ఏటవాలుగా కొరికేస్తుంది. అది తినేది కాస్త, పాడుచేసేది బోలెడు. పొద్దున్నే పచ్చగా కనిపించిన మడి మధ్యలో నాలుగు రోజులకి గుండు గీసినట్టు ఖాళీ పడుతుంది.

మావ గట్టు మీద నెమ్మదిగా నడిచేవాడు. కన్నం కనపడితే ముందు దాని నోటి దగ్గర మట్టి చూసేవాడు. మట్టి కొత్తగా, గుల్లగా, కాస్త తడిగా ఉంటే లోపల ఎలక ఉన్నట్టు. ఎండిపోయి, సాలెగూడు పట్టి ఉంటే ఇల్లు ఖాళీ. ఉందని తేలాక చుట్టూ తిరిగి మిగతా కన్నాలు వెతికేవాడు. పందికొక్కు తెలివైంది. పారిపోయే దారిని పైన పల్చటి మట్టితో మూసి ఉంచుతుంది. మన కంటికి అది నేలే. మావ మడమతో తట్టుకుంటూ పోయి ఆ చోటు పట్టేసేవాడు. దొరికిన కన్నాలన్నీ మట్టితో గట్టిగా కూరి, ఒక్కటి మాత్రం వదిలి, దానికి కుండ ఆనించేవాడు.

ఇక్కడున్న కుర్రాళ్లలో చాలామంది ఆ కుండని చూసి ఉండరు. చిన్న మట్టి కుండ. అడుగున వేలు పట్టేంత బెజ్జం. లోపల ఎండుగడ్డీ కాస్త పచ్చాకూ కూరి నిప్పు పెడతారు. కుండ మూతిని కన్నానికి పెట్టి, చుట్టూ బురద మెత్తి, అడుగు బెజ్జంలోంచి నోటితో ఊదాలి. ఊదుతూనే ఉండాలి. పొగ లోపలి గదులన్నిటికీ పోవాలంటే ఒకటి రెండు ఊదులకి అయ్యే పని కాదు. ఆ తర్వాత గునపంతో తవ్వకం. ఏ పక్కకి తవ్వాలో కూడా మావకి ముందే తెలిసేది. తల్లి పిల్లల్ని పెట్టే గది వేరు, గింజలు దాచే గది వేరు. తవ్వితే ఎలకలు ఒక పక్క, అవి దాచుకున్న వరి వెన్నులు ఒక పక్క. ఆ వెన్నులు పట్టినవాడివి. చాలాసార్లు అదే కూలి. మా ఇంట్లో సంక్రాంతి అరిసెలకి బియ్యం ఎలక కొట్లోంచి వచ్చినవే. ఇది చెబితే మా హాస్టల్ పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. అరిసెలు బాగానే ఉండేవి.

తర్వాత మందులొచ్చాయి. నూకలు తొంభై ఆరు పాళ్లు, నూనె రెండు పాళ్లు, బ్రోమోడయోలోన్ పొడి రెండు పాళ్లు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు. రైతుకి సులువు. ఊరంతా ఒకేసారి వేస్తే పనిచేస్తుందని మావ కూడా ఒప్పుకునేవాడు. కానీ మందు తిన్న ఎలక వెంటనే చావదు. రోజులు పడుతుంది. ఆ లోపు బయట తూలుతూ తిరుగుతుంది. గుడ్లగూబ దాన్ని ఎత్తుకుపోతుంది. రాత్రిపూట వంద ఎలకల్ని పట్టే గుడ్లగూబని ఒక పొట్లంతో చంపుకుంటున్నారని మావ అనేవాడు. ఆ వంద లెక్క మావది, నన్ను అడక్కండి. మందు పడిన పొలంలో పట్టిన ఎలకని మన ఇళ్లల్లో వండటం కూడా మావే మాన్పించాడు.

ఇదంతా వింటే బాగుందనిపిస్తుంది. అంత బాగా ఏమీ లేదు. మా తాత ఒక రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఎంతో మాకెవరికీ సరిగ్గా తెలియదు. ఆ బాకీ కింద తాత ఆ పొలానికి కాపలా, తాత పోయాక మావ కాపలా. పగలు ఎలకలు, రాత్రి కాపలా, మధ్యలో గొడ్ల పని. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ సంగతి కాలవ కట్ట మీదున్న మన గుడిసెలకి చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. చేరాక మావ ఏమీ గొడవ చెయ్యలేదు. ఒకరోజు కాపలా కర్ర తీసుకెళ్లి ఆ రైతు అరుగు మీద పెట్టి, 'లెక్క తీరింది బాబూ' అని చెప్పి వచ్చేశాడు. అంతకు ముందు రాత్రి అత్తా ఆయనా నిద్రపోలేదని మాత్రం నాకు తెలుసు.

ఇంకొకటి. ఏ పొలంలో మోటారు పోయినా, ఏ ఇంట్లో బిందె పోయినా ముందు వచ్చేది కట్ట మీదికే. ఒకసారి మావని తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకున్నారు. ఎక్కడ, ఎవరు అన్నది వద్దు. మోటారు ఇంకెక్కడో దొరికింది. మావ ఎడమ మణికట్టు మాత్రం మళ్లీ సరిగ్గా తిరగలేదు. తెల్లవాళ్లు 1871లో పెట్టిన నేరస్థ తెగల చట్టం గురించి మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం మన ఎరుకల అన్నదమ్ములకి ఆ కాలంలోనే పెట్టిన సెటిల్మెంటు. ఆ చట్టం 1952లో దేశమంతటా పోయింది. కాగితం మీద పోయినంత తొందరగా మనుషుల బుర్రల్లోంచి పోలేదని మావ మణికట్టు చూస్తే అర్థమయ్యేది.

నన్ను బడిలో వేసింది మావే. మా నాన్న లేడు, అమ్మ నాట్లకీ కోతలకీ పోయేది. రేకు పెట్టె ఒకటి కొని, దాన్ని ఒక భుజం మీదా నన్ను ఇంకో భుజం మీదా పెట్టుకుని హాస్టల్ దాకా నడిచాడు. పంతులుగారు పుట్టినతేదీ అడిగితే, 'ఉప్పెన వచ్చాక రెండేళ్లు నిండాయండి, అప్పుడు మినుములు పీకుతున్నారు' అన్నాడు. ఉప్పెన అంటే 1977 నవంబరు 19. దివిసీమని ముంచిన ఉప్పెన, మన రేపల్లె, బాపట్ల తీరాన్ని కూడా వదల్లేదు. మావ అప్పటికి ఇరవయ్యేళ్లవాడు. శవాలు తీయడానికి లారీలో ఎక్కించుకుపోయారని, తిరిగొచ్చి వారం రోజులు అన్నం ముట్టలేదని అత్త చెప్పింది. ఆయన నోట ఆ మాట ఎన్నడూ రాలేదు. కాలం కొలిచేటప్పుడు మాత్రం ఉప్పెనకి ముందు, ఉప్పెనకి తర్వాత అనేవాడు. పంతులుగారు లెక్కలేమీ వెయ్యకుండా జూన్ 1 అని రాసేశారు. మన తరంలో సగంమంది జూన్ 1నే పుట్టారు. మినుములు పీకే రోజులకీ జూన్‌కీ మధ్య ఉన్న నాలుగు నెలలు నా సర్వీసులో కలిసొచ్చాయి. ఆ మేరకు ప్రభుత్వం మావకి బాకీయో, మావ ప్రభుత్వానికి బాకీయో చూసుకోవాలి.

కుల ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ మావ ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. అమ్మకి బడి కాగితం లేదు, అమ్మమ్మకి లేదు, కట్ట మీద గుడిసెకి పట్టా లేదు. ఏ రుజువు చూపించాలి? చివరికి ఒకరోజు, 'యానాదోడు కానోడు యానాదోణ్ణని ఎందుకు చెప్పుకుంటాడండీ, ఏం లాభమని?' అని మావ అడిగాడట. ఆ గుమాస్తా నవ్వి ఫైలు ముందుకి తోశాడు. ఇందాక నోట్లో నాలుక అన్నానే, అది ఇదీ.

నేను టీచర్ ట్రైనింగు పూర్తి చేసి వచ్చిన రోజు మావ ఒక మాట చెప్పాడు. అప్పటి నుంచి పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు. 'ఎలకల కుండ నాతోనే పోవాల. మన పిల్లోళ్లెవరూ దాన్ని ముట్టుకోకూడదు.' కొడుకులిద్దర్నీ గునపం పట్టనివ్వలేదు. పెద్ద బావ ఆటో నడుపుతాడు, చిన్నోడు నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువు మీద ఉన్నాడు. మీలో చాలామందికి ఇళ్లల్లో ఇదే మాట వినపడి ఉంటుంది. మావ మాటకి కారణాలున్నాయి. అడ్వాన్సు ఉంది, మణికట్టు ఉంది. అన్నిటికంటే పెద్ద కారణం ఊపిరి.

చివరి ఐదారేళ్లు మావకి ఆయాసం. మంచం మీద వెల్లకిలా పడుకోలేకపోయేవాడు. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు ముందు అడిగిన ప్రశ్న, 'బీడీలు ఎన్ని కాలుస్తావు?' అని. మావ జన్మలో బీడీ ముట్టలేదు. డాక్టరుకి నేను కుండ సంగతి చెప్పాను. అడుగు బెజ్జంలోంచి ఊదడం, ఊపిరి పీల్చుకునేటప్పుడు వెనక్కి తన్నే పొగ, యాభై ఏళ్లకి పైగా. ఆయన కాసేపు రాయడం ఆపి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. రైతుల గింజలు మిగిలాయి, మావ ఊపిరితిత్తులు మిగల్లేదు. ఇది నేను కోపంగానే చెబుతున్నాను.

కాబట్టి కుండ పోవాలన్న మావ మాటని నేను కాదనలేను. కానీ కుండతో పాటు అంతా పోవాలన్నది ఒప్పుకోలేకపోయాను. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా పడలేదు. ఆయన లేనప్పుడు ఆయన మాటకి ఎదురు చెప్పడం బాగుండదని మా అత్త అంటుంది. ఉన్నప్పుడూ చెప్పాను కాబట్టి ఫర్వాలేదనుకుంటున్నాను.

మనకి చుట్టాల్లాంటివాళ్లు తమిళనాడులో ఉన్నారు, ఇరులర్లు. వాళ్లూ ఎలకలు, పాములు పట్టి బతికినవాళ్లే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పాము చర్మాల వ్యాపారం మూతపడి వాళ్ల నోటికాడ కూడు పోయింది. 1978లో వాళ్లు పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు, చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకి మందు తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే మందు. మన వైపు ఎవరినైనా పాము కరిస్తే మావ మంత్రం వెయ్యనిచ్చేవాడు కాదు, వేరు నూరనిచ్చేవాడు కాదు. 'ముందు తెనాలి పెద్దాసుపత్రికి పదండి' అనేవాడు. అక్కడ ఎక్కించే సీసాలో మన చుట్టాల చేతి పని ఉందని నేను చెబితే చాలాసేపు నమ్మలేదు. 2023లో ఆ ఇరులర్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కీ మాసి సదయన్‌కీ పద్మశ్రీ ఇచ్చారు. అమెరికాలో ఫ్లోరిడాకి వెళ్లి కొండచిలువలు పట్టి చూపించినవాళ్లు వాళ్లు. ఫోన్లో ఫొటో చూపించాను. మావ ఫోన్ని దూరంగా పట్టుకుని చూసి, 'సొక్కాలు బాగుండయ్' అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. తర్వాత రెండుసార్లు మళ్లీ చూపించమని అడిగాడు.

ఎలకల విషయంలోనూ వాళ్లు ఒక మెట్టు ముందే ఉన్నారు. 2000 దాటాక అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ ఇరులర్లకి చేత్తో తిప్పే ఇనుప పొగ యంత్రం చేయించి ఇచ్చింది. నోటితో ఊదే పని లేదు. పొగ ఊదేది యంత్రం, కన్నం వెతికేది మనిషి. అంత చిన్న మార్పు మన కట్టకి ఎందుకు రాలేదు? మనల్ని అడిగినవాళ్లు లేరు, మనం అడిగిందీ లేదు. సంఘం పెద్దలు ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోవాలి.

హాస్టల్లో ప్రతి జూన్‌లో నేను పిల్లల ఫారాలు నింపిస్తాను. తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది. మన పిల్లలందరూ 'కూలి' అని రాస్తారు. తండ్రి చేపలు పట్టేవాడైనా అదే, పీతలు పట్టేవాడైనా అదే, ఎలకలు పట్టేవాడైనా అదే. ఒక పిల్లవాణ్ణి, మీ నాన్న ఎలకలు పడతాడు కదరా అని మెల్లగా అడిగితే, 'అది పని కాదు మేడమ్' అన్నాడు. ఆ మాట విన్నాకే మావని హాస్టల్‌కి రమ్మన్నాను. ఆయాసం అప్పటికే ఉంది. పెద్ద బావ ఆటోలో తెచ్చి దింపాడు.

పిల్లలు మొదట కిసుక్కుమన్నారు. మావ పట్టించుకోలేదు. హాస్టల్ వెనక మొక్కజొన్న చేను గట్టు దగ్గరికి వాళ్లని తీసుకెళ్లి, చేతికర్రతో మూడు కన్నాలు చూపించి, ఏ కన్నంలో ఎలక ఉందో చెప్పమన్నాడు. అందరూ పెద్ద కన్నం చూపించారు. మావ తల అడ్డంగా ఊపాడు. వెనకెక్కడో నిలబడ్డ పిల్లవాడు, 'మూడోది తాతా, మట్టి కొత్తగా ఉంది' అన్నాడు. 'అది పని కాదు' అన్న పిల్లవాడే. మావ వాణ్ణి దగ్గరికి పిలిచి, 'ఎవురబ్బాయివి నువ్వు?' అని అడిగాడు. వాడు తండ్రి పేరు చెప్పాడు. 'ఆడా! ఆడు నా దగ్గిరే నేర్చుకున్నాడు' అన్నాడు మావ. ఆ రోజు మా సైన్స్ టీచరు గంటన్నర నోట్సు రాసుకున్నారు. ఎలక ఎప్పుడు ఈనుతుంది, ఎన్ని పెడుతుంది, గట్టు ఎంత వెడల్పుంటే కన్నం పెడుతుంది, ఇవన్నీ. గట్లు సన్నగా చెక్కి ఉంచితే ఎలకకి ఇల్లు కట్టుకునే చోటు ఉండదని మావ చెబితే, ఇది మా పుస్తకంలో కూడా ఉందండీ అన్నారామె. 'అయితే పుస్తకం మంచిదే' అన్నాడు మావ.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటో ఎక్కి నన్ను కేకలేశాడు. 'ఈళ్లకి ఇయ్యన్నీ ఎందుకే చెప్పించావు? సదువుకోనీ.' ఇదీ చదువే మావా అన్నాను. 'ఊదే పని మాత్రం నేర్పమాక' అన్నాడు. నేర్పను అన్నాను. మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం అంతవరకే.

వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో మన మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు, 'ది యానాదీస్' అని. మన కోసం జీవితమంతా తిరిగిన మనిషి, ఆయన మీద నాకు గౌరవం. కానీ ఆ పుస్తకాన్ని మా తాత చదవలేడు, మావ చదవలేడు. మీరు చదవగలరు. చదివి, అందులో లేనిది మీ ఇంట్లో ఏముందో చూడండి. మీ తాతలు ఇంకా ఉన్నారు.

కోతల కాలంలోనే మావ పోయాడు. పూడ్చేటప్పుడు కుండ విషయంలో గొడవ జరిగింది. గుంటలో పెట్టాలని అత్త, ఆయన మాట అదే కదా అని. ఉంచాలని కొందరు పెద్దలు. నన్ను అడిగారు. అత్త మాటే చెల్లాలన్నాను. కుండ మావతోనే పోయింది. గునపం పెద్ద బావ ఆటో వెనక సీటు కింద ఉంది, ఎందుకు పెట్టుకున్నావని నేను అడగలేదు.

మావ ఫోన్లో చెప్పినవి ఏడు రికార్డింగులు నా దగ్గరున్నాయి. దగ్గు ఎక్కువ, మాట తక్కువ, అయినా అర్థమవుతాయి. అందులోంచి మన కాలవల్లో, మడుల్లో దొరికే చేపల పేర్లు ఇరవై రెండు రాసిపెట్టాను. కొరమీను, మార్పు, జెల్ల, బొమ్మిడాయి, ఇంగిలాయి, గురక, పరిగె, ఇలా. ఏది ఏ నెలలో ఎదురెక్కుతుందో, దేనికి మావు పెట్టాలో, దేనికి గాలం వెయ్యాలో కూడా ఉంది. ఇవన్నీ మంచినీటివి. ఉప్పునీటి చేపలు, పీతల పేర్లు మావకి అంతగా తెలియవు. రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లు అవి చెప్పాలి. బయట భోజనాల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించాను. పెన్ను కూడా ఉంది. పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి, ఎవరు చెప్పారో, ఏ ఊరో కూడా రాయండి.